మేడపై ఒక వాటా: అద్దె ఆదాయానికి ముందు నాలుగు ప్రశ్నలు

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ఈ రెండూ అయ్యాక మన కుటుంబాల్లో మూడో మాట ఒకటి వినిపిస్తుంది: ‘పైన ఒక వాటా వేసి అద్దెకిద్దాం, నెలనెలా ఎంతో కొంత చేతికొస్తుంది.’ గల్ఫ్ దేశాల నుంచి తిరిగొచ్చిన అన్నలు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, భర్త పోయాక మిగిలిన కొద్దిపాటి సొమ్ముతో పిల్లల్ని చదివించుకోవాల్సిన తల్లులు... అందరి ఆలోచనా తిరిగి తిరిగి ఇక్కడికే చేరుతుంది. బంగారానికున్నట్టు దొంగల భయం లేదు. దుకాణంలా తెల్లారేసరికి తలుపు తీయాల్సిన పని లేదు. బ్యాంకులో వేస్తే వచ్చే వడ్డీ బాధ లేదు. అద్దె షరీఅత్ అనుమతించిన ఆదాయం. ఇల్లు యజమానిదిగానే ఉంటుంది, దాని వాడకాన్ని మాత్రం కొంత కాలానికి వెల కట్టి మరొకరికి ఇస్తాడు. ఫిఖ్హ్ గ్రంథాల్లో దీన్నే ఇజారా అంటారు.

ఆలోచన మంచిదే. కానీ ఒక జీవితకాలపు కష్టార్జితం మొత్తాన్ని ఒకేచోట పెట్టే వ్యవహారమిది. కిరాణా కొట్టులో నష్టం వస్తే సరుకు తగ్గించుకోవచ్చు. సగం కట్టిన మేడను తగ్గించుకోలేం. అద్దె ఇళ్ల మీద ఆశ పెట్టుకుని దెబ్బతిన్నవారిని అడిగి చూడండి. చాలామంది ఇటుక వేయకముందు తేల్చుకోవాల్సిన సంగతిని తేల్చుకోకపోవడం వల్లే ఇబ్బంది పడి ఉంటారు. స్థలం ఎవరిది? ఖర్చులు పోగా మిగిలేది ఎంత? పెట్టుబడి సొమ్ము ఎక్కడిది? అడ్వాన్సు ఎవరిది? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికాకే మేస్త్రీని పిలవడం మంచిది.

స్థలం ఎవరిది?

మన ఇళ్లలో తరచూ జరిగేది ఇది. ఇల్లు అబ్బా పేరిట ఉంటుంది. సౌదీలోనో దుబాయిలోనో ఉన్న పెద్ద కొడుకు డబ్బు పంపుతాడు. దాంతో పైన వాటా వేస్తారు. అద్దె అమ్మీ చేతికి వస్తుంది. అబ్బా ఉన్నంత కాలం ఏ పేచీ ఉండదు. ఆయన కన్నుమూశాక లెక్క మారుతుంది. ‘మేడ నా డబ్బుతో లేచింది’ అంటాడు పెద్దవాడు. ‘స్థలం అబ్బాది, అందులో మాకూ హక్కుంది’ అంటారు తమ్ముళ్లు, చెల్లెళ్లు. ఇద్దరి మాటా నిజమే. కానీ దస్తావేజులో ఉన్నది అబ్బా పేరు ఒక్కటే.

వారసత్వ వాటాలను దివ్య ఖురాన్ (అన్ నిసా సూరా) స్వయంగా నిర్ణయించింది. మరణించిన వ్యక్తి అప్పులు తీర్చి, వసీయతు ఉంటే మూడో వంతుకు మించకుండా దాన్ని అమలుచేసి, మిగిలిన దాన్ని పంచాలి. అతని తల్లిదండ్రులు ముందే పోయి, భార్య, కొడుకులు, కూతుళ్లు మిగిలితే భార్యకు ఎనిమిదో వంతు వస్తుంది. మిగతాది కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు చొప్పున చెందుతుంది. ‘ఆడపిల్లకు పెళ్లిలో ఇచ్చేశాం కదా’ అన్న మాట ఈ వాటాను రద్దు చేయలేదు. చెల్లెలి పాలు కూడా కలిసి ఉన్న ఇంటి అద్దెను అన్నదమ్ములే ఏళ్ల తరబడి తినడం ఎలాంటి సంపాదనో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

అందువల్ల తండ్రి ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే అందరూ కూర్చుని ఒక మాట అనుకోవాలి. కొడుకు పంపే సొమ్ము తండ్రికి కానుకా, అప్పా, లేక మేడలో భాగస్వామ్యమా? మూడింటిలో ఏదైనా సరే, కాగితం మీద పెట్టి, పిల్లలందరి చేతా సంతకాలు చేయించాలి. తండ్రి పై వాటాను కొడుక్కి హిబా చేయదలిస్తే అదీ ఒక మార్గమే. ముస్లిం న్యాయశాస్త్రం ప్రకారం హిబా నోటిమాటగా కూడా చెల్లుతుంది. అయితే ఇచ్చేవారి ప్రకటన, పుచ్చుకునేవారి అంగీకారం, స్వాధీనం అప్పగించడం అనే మూడూ జరగాలి. రేపు కోర్టులో రుజువు కావాలంటే రిజిస్టరు చేయించడమే క్షేమం. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఒక సహచరుడు తన కొడుకు నూమాన్‌కు ఒక్కడికే కానుక ఇచ్చి సాక్షిగా ఉండమని కోరితే, మిగతా పిల్లలకూ అలాగే ఇచ్చావా అని అడిగి, లేదనగానే దైవప్రవక్త (స) సాక్ష్యానికి నిరాకరించారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఈ సంఘటన ఉంది.

కొత్తగా ఇల్లు కొని అద్దెకివ్వాలనుకునేవారికి మరో జాగ్రత్త అవసరం. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం 100 రూపాయలు, ఆ పైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైన దస్తావేజుతోనే జరగాలి. నోటరీ ముద్ర వేసిన స్టాంపు కాగితం యాజమాన్య హక్కు ఇవ్వదు. చౌకగా వస్తుందని అలాంటి కాగితాల మీద కొన్నవారు తరువాత అమ్ముకోలేక, పిల్లల పేరిట మార్చుకోలేక ఇబ్బంది పడుతుంటారు. లింకు డాక్యుమెంట్లన్నీ చూడాలి. కనీసం 30 ఏళ్లకు ఈసీ తీయించాలి. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ శాఖవారి 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకోవాలి. ప్రభుత్వ, దేవాదాయ భూములతోపాటు వక్ఫ్ భూములు కూడా ఆ జాబితాలో ఉంటాయి. దర్గా పక్కన, ఖబరస్తాన్ వెనక సగం ధరకే స్థలం వస్తోందంటే ముందు అడగాల్సింది అది వక్ఫుదా అని. అల్లాహ్ పేరిట అంకితమైన భూమి మీద వచ్చే అద్దెకు చట్టం అండా ఉండదు, మనసుకు నెమ్మదీ ఉండదు.

మిగిలేది ఎంత?

‘నెలకు 8,000 అద్దె వస్తుంది, అంటే ఏడాదికి 96,000’ అని లెక్క వేసుకుని సంతోషించేవారు ఎక్కువ. ఒక ఉదాహరణ చూద్దాం. సొంత ఇంటి మీద రెండు గదులు, వంటిల్లు, స్నానాల గదితో ఒక వాటా వేయడానికి 12 లక్షలు ఖర్చయిందనుకుందాం. ఒకరు ఖాళీ చేసి మరొకరు వచ్చే లోపు ఏడాదికి ఒక నెలైనా ఇల్లు ఖాళీగా ఉంటుందనుకోవాలి. అక్కడ 8,000 పోతుంది. పెరిగే ఇంటి పన్ను 4,000. రంగులు, కుళాయిలు, వానకు కారే స్లాబు వంటి మరమ్మతులకు 10,000 పక్కన పెట్టాలి. బోరు మోటారు, మెట్ల దీపం, సెప్టిక్ ట్యాంకు ఖర్చుకు 4,000. మొత్తం 26,000 తీసేస్తే మిగిలేది 70,000. అంటే పెట్టిన 12 లక్షల మీద నూటికి ఆరు రూపాయలకు కాస్త తక్కువ.

అదే 8,000 అద్దె వచ్చే ఇంటిని స్థలంతో సహా 30 లక్షలు పోసి కొన్నామనుకోండి. అదే 70,000 ఇప్పుడు నూటికి రెండు రూపాయల చిల్లరకు దిగిపోతుంది. స్థలం విలువ పెరుగుతుంది కదా అనవచ్చు. పెరగవచ్చు, కానీ అది అమ్మినప్పుడు కనిపించే డబ్బు. ఆ పెరుగుదలతో ఈ నెల పిల్లల ఫీజు కట్టలేం. అందుకే అద్దె ఆదాయమే లక్ష్యమైతే, కొత్తగా మొదలుపెట్టేవారికి సొంత ఇంటి మీద వాటా వేయడమే మేలు. స్థలానికి మళ్లీ డబ్బు పెట్టక్కర్లేదు. పక్కనే ఉంటాం కాబట్టి ఇంటి బాగోగులు కంటికి కనిపిస్తుంటాయి.

అయితే ప్రతి ఇల్లూ మేడను మోయలేదు. గోడల మీదే బరువు నిలిచిన పాత ఇంటికి, ఒక్క అంతస్తుకే పునాది వేసిన ఇంటికి పైన స్లాబు వేయడం ప్రమాదం. మేస్త్రీ ‘ఏం పర్వాలేదు’ అన్నంత మాత్రాన సరిపోదు. ఇంజనీరుకు పిల్లర్లు, పునాది చూపించి, మున్సిపాలిటీ అనుమతి తీసుకున్నాకే పని మొదలుపెట్టాలి. మెట్లు బయటి నుంచి వేయించండి. మన ఆడవాళ్ల పర్దాకూ, అద్దెకుండేవారి స్వేచ్ఛకూ అదే అనుకూలం. పై వాటాకు కరెంటు మీటరు వేరుగా పెట్టించండి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే పద్ధతి మనది. రెండు కుటుంబాలూ ఒకే మీటరు మీద ఉంటే ఇద్దరికీ నష్టం, నెలనెలా ఒక తగాదా.

సొమ్ము ఎక్కడిది?

బ్యాంకు రుణం తీసుకుని కట్టి, అద్దెతోనే వాయిదా తీరుద్దామనే సలహా చాలామంది ఇస్తారు. వడ్డీ ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నిషిద్ధమన్న సంగతి మనకు తెలిసిందే. ధర్మం మాట కాసేపు పక్కన పెట్టి, వట్టి లెక్కే చూద్దాం. 12 లక్షలు, 9 శాతం వడ్డీ, 15 ఏళ్లు అనుకుంటే నెల వాయిదా సుమారు 12,170 రూపాయలవుతుంది. వచ్చే అద్దె 8,000. నెలనెలా 4,000కు పైగా చేతి నుంచి వేయాలి. ఇల్లు ఖాళీగా ఉన్న నెలలో వాయిదా మొత్తం మనమే కట్టాలి. 15 ఏళ్లు గడిచేసరికి 12 లక్షలకు దాదాపు 22 లక్షలు కట్టి ఉంటాం. అద్దె ఆదాయం కోసం మొదలుపెట్టి, బ్యాంకు కోసం అద్దె వసూలు చేసేవారిగా మిగిలిపోతాం.

మరి దారి ఏమిటి? ఒకటి, దశలవారీగా కట్టడం. ఈ ఏడాది పిల్లర్లు, స్లాబు, వచ్చే ఏడాది గోడలు, ఆ తరువాత తలుపులు, కిటికీలు. ఆలస్యమవుతుంది, కానీ అప్పు మెడకు చుట్టుకోదు. బయటికి వదిలిన ఇనుప చువ్వలు తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూయించడం మాత్రం మరవకండి. రెండు, భాగస్వామ్యం. అక్క 4 లక్షలు, తమ్ముడు 8 లక్షలు పెడితే అద్దె కూడా ఒకటికి రెండు పాళ్లుగా పంచుకోవాలి. మరమ్మతు ఖర్చులూ అదే దామాషాలో భరించాలి. తరువాత తమ్ముడు అక్క వాటాను విడతల వారీగా కొనుక్కోవచ్చు. మూడు, బంధువుల నుంచి ఖర్జె హసనా. గడువు రాసుకుని, సాక్షులను పెట్టుకుని తీసుకోవాలి. ఇక చీటీల సంగతి. పాట పాడి సొమ్ము తగ్గించుకుని ఎత్తుకునే చీటీలో వడ్డీ ఛాయ ఉందని ఎందరో ఉలమాలు అభ్యంతరం చెప్పారు. పాట లేకుండా వంతుల వారీగా అందరూ సమానంగా పుచ్చుకునే చీటీలో ఆ చిక్కు ఉండదు.

అడ్వాన్సు ఎవరిది?

టు-లెట్ బోర్డు పెట్టాక మొదట చేతికొచ్చేది అడ్వాన్సు. కొందరు దాన్ని ఆదాయం కింద జమకట్టి ఖర్చు పెట్టేస్తారు. అది అద్దెకున్నవారి సొమ్ము. ఏదో ఒక రోజు తిరిగి ఇవ్వాల్సిందే. ఖాళీ చేసి వెళ్లే కుటుంబం ‘అడ్వాన్సు ఇస్తే కొత్త ఇంటివారికి కట్టాలి’ అని గుమ్మంలో నిలబడితే, ‘కొత్తవాళ్లు వచ్చాక ఇస్తాం’ అనే యజమానులు ఎందరో. వాళ్ల పిల్లలకు బడి తెరిచే రోజు దగ్గరపడుతుంటుంది. మన చేతిలో ఉన్నది వాళ్ల అమానతు అనుకుంటే ఆ మాట నోట రాదు. కేంద్ర ప్రభుత్వం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు వద్దంది. రాష్ట్రాలు తమ చట్టాలు చేసుకోవడానికి అదొక నమూనా మాత్రమే అయినా, పాటించదగ్గ కొలత.

ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. కొన్ని ఊళ్లలో దాన్ని భోగ్యం అంటారు, కొన్నిచోట్ల లీజు అంటారు, ఉర్దూ మాట్లాడే ఇళ్లలో రహన్, గిర్వీ అంటారు. అద్దెకు వచ్చేవారు 4, 5 లక్షలు ఒకేసారి ఇస్తారు. రెండేళ్లో మూడేళ్లో అద్దె లేకుండా ఉంటారు. వెళ్లేటప్పుడు మొత్తం సొమ్ము పట్టుకెళ్తారు. ఇంటాయనకు ఒకేసారి పెద్ద మొత్తం, అవతలివారికి ఉచితంగా ఇల్లు. చూడటానికి ఇద్దరికీ లాభమే. కానీ జరిగిందేమిటి? ఒకరు అప్పు ఇచ్చారు, ఆ అప్పుకు ప్రతిఫలంగా ఇంటిని అనుభవించారు. అప్పు మీద పొందే ఇలాంటి లాభం వడ్డీ కిందికే వస్తుందని ఉలమాలు చెబుతారు. మార్కెట్లో 8,000 పలికే ఇంటికి 200 రూపాయలు అద్దె అని రాసుకున్నంత మాత్రాన విషయం మారదు.

లోకరీత్యా చూసినా ఇది ఉచ్చే. ఆ 5 లక్షలు కూతురి పెళ్లికో, కొడుకు వీసాకో ఖర్చయిపోతాయి. గడువు తీరేనాటికి చేతిలో డబ్బుండదు. మరొకరిని వెతికి 6 లక్షలు తీసుకుని ముందువారికి ఇస్తారు. ఇలా నాలుగు చేతులు మారేసరికి అప్పు ఇంటి విలువలో సగానికి చేరుతుంది, ఇంటి మీద నెలకు ఒక్క రూపాయి కూడా రాదు. డబ్బు తిరిగి రాక అద్దెకున్నవారు, వాళ్లు ఖాళీ చేయక యజమాని, ఇద్దరూ కోర్టు మెట్లెక్కుతారు. కాబట్టి న్యాయమైన నెల అద్దె, దానికి తగ్గ చిన్న అడ్వాన్సు ఉంటే చాలు. మీ ఊళ్లో ఈ పద్ధతి నడుస్తుంటే స్థానిక ముఫ్తీ సాహెబును అడిగి తేల్చుకోండి.

మాట కన్నా కాగితం మిన్న

ఖురాన్‌లోని అన్ని ఆయతుల్లోకీ పొడవైనది (అల్ బఖరా 282) అప్పుల లావాదేవీలను రాసుకోవడం గురించే. అద్దె ఒప్పందానికీ అదే స్ఫూర్తి వర్తిస్తుంది. అద్దె ఎంత, ఏ తేదీన ఇవ్వాలి, అడ్వాన్సు ఎంత, ఏడాదికి ఎంత పెంపు, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఏ మరమ్మతు ఎవరిది అన్నవన్నీ రాసుకోండి. ఇంటి అప్పగింత రోజున ఫ్యాన్లు, కుళాయిలు, తాళాల జాబితా రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. 11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదనే నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన సవరణ కాలపరిమితితో నిమిత్తం లేకుండా లీజు పత్రాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. అందుకే పత్రం రాసేముందు న్యాయవాదినో, సబ్ రిజిస్ట్రారు కార్యాలయాన్నో ఒకసారి అడగడం మంచిది.

ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరిట ఒక నెల అద్దె కోసుకోవడం నగరాల్లో అలవాటైంది. ముందే రాసుకుని ఉంటే సరే. లేకపోతే వాడకంతో గోడ మాసిపోవడం సహజం, దాని ఖర్చు ఇంటి యజమానిదే. కారే స్లాబు, పగిలిన పైపు కూడా యజమాని బాధ్యతే. అద్దెవారు నిర్లక్ష్యంగా పగలగొట్టినవి మాత్రం వాళ్లు కట్టాలి.

అద్దెకున్నవారూ మన పొరుగువారే

అద్దె ఆలస్యమైతే రోజుకు ఇంత జరిమానా అని కొందరు రాయిస్తున్నారు. బాకీ ఆలస్యమైనందుకు అదనంగా తీసుకునే సొమ్ము వడ్డీకి అతి దగ్గరగా వెళ్తుంది. ఇబ్బందుల్లో ఉన్న బాకీదారుకు గడువు ఇవ్వమన్నది అల్ బఖరా 280వ ఆయతు. గడువు ఇవ్వండి, ఆ గడువు ఎప్పటిదాకానో రాసుకోండి. ఉండి కూడా ఎగ్గొట్టేవారైతే చట్టప్రకారం నోటీసు ఇవ్వండి. వేరే ఒప్పందం లేనప్పుడు నెలసరి అద్దెకు 15 రోజుల నోటీసు అని ఆస్తి బదలాయింపు చట్టం 106వ సెక్షను చెబుతుంది. అంతేగానీ నీళ్లు కట్టేయడం, కరెంటు తీగ పీకేయడం, సామాను వీధిలో పెట్టడం చట్టమూ ఒప్పదు, ఇస్లామూ ఒప్పదు.

పేరు వినగానే ‘ఇల్లు వేరేవాళ్లకి మాటిచ్చేశాం’ అని తలుపు వేసిన అనుభవం నగరాలకు వెళ్లిన మన పిల్లల్లో చాలామందికి ఉంది. ఆ బాధ తెలిసిన మనం, మన గుమ్మం ముందుకొచ్చినవారి కులం, మతం చూసి వెనక్కి పంపకూడదు. చూడాల్సింది వారి ఉపాధి, నడవడిక, అంతకుముందు ఉన్న ఇంటివారి మాట. గుర్తింపు కార్డు నకలు తీసుకోండి. పోలీసువారు అద్దెదారుల వివరాలు అడిగే చోట అవీ ఇవ్వండి.

జకాత్, పన్ను

అద్దెకిచ్చిన ఇంటి విలువ మీద జకాత్ లేదు. అద్దెగా వచ్చి, ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము మీ మిగతా పొదుపుతో కలిసి నిసాబుకు చేరి ఏడాది నిలిస్తే దాని మీద రెండున్నర శాతం ఇవ్వాలని అధిక సంఖ్యాక ఉలమాల అభిప్రాయం. లాభానికి అమ్మే ఉద్దేశంతోనే కొన్న ప్లాటు సంగతి వేరు. అది వ్యాపార సరుకు, ఏటా మార్కెట్ ధర మీద జకాత్ లెక్కించాలి.

ప్రభుత్వ లెక్కకు వస్తే, అద్దె కూడా ఆదాయమే. కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలిన దానిలో మరమ్మతుల కింద 30 శాతం మినహాయింపు రసీదులు చూపకుండానే దొరుకుతుంది. పై ఉదాహరణలో 96,000 నుంచి 4,000 పోగా 92,000. అందులో 27,600 మినహాయిస్తే 64,400 మాత్రమే మిగతా ఆదాయానికి కలుస్తుంది. అద్దెను బ్యాంకు ద్వారా తీసుకోండి. ఇద్దరికీ రుజువు ఉంటుంది.

తొందరపడి రెండు మూడు వాటాలకు పూనుకోవద్దు. ఒక్కదానితో మొదలుపెట్టి, ఒక నోటు పుస్తకంలో వచ్చినదీ పోయినదీ రెండేళ్లు రాసి చూడండి. ఆ పుస్తకమే చెబుతుంది, రెండో వాటా వేయవచ్చో లేదో. ఆ లెక్క మీ భార్యకూ, ఎదిగిన పిల్లలకూ తెలిసి ఉండాలి. దస్తావేజులు ఎక్కడున్నాయో, ఎవరి అడ్వాన్సు ఎంత మన దగ్గర ఉందో ఇంటి ఆడవాళ్లకు తెలియని కుటుంబాలు, యజమాని హఠాత్తుగా పోతే ఎన్ని అగచాట్లు పడతాయో మనం చూస్తూనే ఉన్నాం. ఎవరి హక్కూ కలవని ఇంటి నుంచి, ఎవరి కన్నీరూ అంటని అద్దె కొద్దిదైనా చాలు. అల్లాహ్ మన సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక!